కాలేజీ సీటు కాడ మనమే కావలి ఉండాలె

(కొడకండ్లలో పదో తరగతి, ఇంటర్ చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పూట కూలి ఇడిసిపెట్టుకొని వచ్చిండ్రు. ఆ పూట వృథా పోవొద్దు. అందుకే నేరుగా విషయంలోకి పోదాం.

వాడవాడకు తిరిగే మాలాంటి టీచర్లకు మీ నోట ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. 'మేం సదువుకోలేదు సారూ, మాకేం తెలుస్తది? పిల్లగాడు ఎటు పోతనంటే అటే.' ఈ మాటను మనం ఇయ్యాల్టితో మానుకోవాలె. అంగట్లో కోడెను కొనేటప్పుడు మనం పండ్లు పట్టి చూస్తం, నడిపించి చూస్తం, అమ్మేటోడి ఊరేదో అడుగుతం. పత్తి గింజల ప్యాకెట్ కొనాలంటే పోయినేడు వేసినోళ్లను నలుగురిని అడిగి కొంటం. చదువు రానంత మాత్రాన బేరం రాకుండ పోలేదు. మరి బిడ్డను మూడేండ్లో నాలుగేండ్లో అప్పజెప్పే కాలేజీ గురించి ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడుగుతలేం? మా తల్లిదండ్రులు కూడా వేలిముద్రలోళ్లే. మా ఇండ్లల్ల డిగ్రీ కాగితం చూసిన మొదటి తరం మేమే. అడిగితే తెలుస్తది, అడగకపోతే మోసపోతం అని చెప్పే హక్కు ఆ అనుభవమే మాకు ఇచ్చింది.

ఈ నేల సంగతి మీకు చెప్పనక్కర లేదు. పక్కనే కడవెండి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగింది అక్కడే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దొరను ఎదిరించి తన పంటను కాపాడుకుంది. అప్పుడు గింజ కాడ కావలి ఉన్నరు. ఇప్పుడు మనం సీటు కాడ కావలి ఉండాలె. ఎందుకంటే దొరలు గడీలు ఇడిసిపోయిండ్రు గాని, వాళ్ల వారసులు కాలేజీలు పెట్టిండ్రు. నాడు బడి గడప తొక్కనీయనోళ్లు నేడు మన పిల్లల తలలు లెక్కబెట్టి సర్కారు దగ్గర ఫీజు వసూలు చేసుకుంటున్నరు.

మిత్రులారా, మన హక్కు ఎట్ల వచ్చిందో ఒక్క మాట. 1942లో బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయికి ఇచ్చిన మహజరులో షెడ్యూల్డ్ కులాల పిల్లల పైచదువుకు సర్కారే డబ్బు పెట్టాలని గట్టిగ అడిగిండు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇయ్యాల మన పిల్లలకు వస్తున్న స్కాలర్‌షిప్‌కు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మూలం అదే. ఏ పార్టీ దయ కాదు, ఏ కాలేజీ యజమాని దానం కాదు. దానంగా తీసుకునేటోడు తల వంచుతడు. హక్కుగా తీసుకునేటోడు రసీదు అడుగుతడు.

ఇగ అసలు సంగతి. మన పిల్లలు సీటు పోగొట్టుకునేది తెలివి లేక కాదు. కాగితం కాడ, గడువు కాడ, దళారి కాడ పోగొట్టుకుంటున్నరు. ఈ మూడు చోట్ల కావలి ఉండేది తల్లిదండ్రులే.

మొదటిది కాగితం. పహాణీలో పేరు లేక భూములు పోయిన సంగతి మనకు తెలుసు. సీటూ అట్లనే పోతది. పరీక్షలు కాకముందే, ఫిబ్రవరి, మార్చిలోనే ఇవి సిద్ధం చేసుకోవాలె: కుల ధృవీకరణ పత్రం, ఆ ఏడాది తీసిన ఆదాయ పత్రం, ఆధార్, పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా, ఆరో తరగతి నుండి చదివిన ప్రతి బడి బోనఫైడ్. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండ ఉన్నదా చూడాలె. ఒక్క అక్షరం తేడా ఉంటే స్కాలర్‌షిప్ ఖాతాలో పడకుండ ఆగిపోతది.

కుల పత్రం గురించి ఇంకో మాట. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుండి మన రాష్ట్రంలో వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా పంచిండ్రు. మాదిగలు రెండో గ్రూపులో, మాలలు మూడో గ్రూపులో ఉన్నరు. పాత కుల పత్రం ఉంది కదా అని ఊకోవద్దు. గ్రూపు రాసి ఉన్న పత్రం కావాల్నా అని మీసేవలో, తహసీల్ ఆఫీసులో ముందే అడిగి తీసుకోండి. సీట్లు పంచే దినం నాడు లైన్లో నిలబడి ఏడిస్తే లాభం లేదు. ఇంకొకటి యాదిలో పెట్టుకోండి. మార్కులు, ర్యాంకు బాగుంటే మన పిల్లకు ఓపెన్ సీటు కూడా వస్తది. 'మీది రిజర్వేషన్ సీటే' అని ఎవడన్న అంటే నమ్మొద్దు.

రెండోది గడువు. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత కూలి కొడుకు 2024లో ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నడు. సీటు నిలుపుకోవాలంటే జూన్ 24 సాయంత్రం 5 గంటలలోపు 17,500 రూపాయలు ఆన్‌లైన్లో కట్టాలె. తండ్రి చేబదుళ్లు తెచ్చి పైసలు జమ చేసే సరికి ఆఖరి నిమిషాలు వచ్చినయి. కట్టే లోపలే కంప్యూటర్ మూతపడ్డది. సీటు పోయింది. ఆ పిల్లగాడు ఎస్సీ కమిషన్‌కు పోయిండు, హైకోర్టుల గడపలెక్కిండు, చివరికి సుప్రీంకోర్టుకు చేరిండు. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు ఆ పిల్లగానికి అదే సీటు ఇప్పించింది. మంచిదే. కాని కొడకండ్ల నుండి ఢిల్లీ దాకా పోయి కొట్లాడే శక్తి మనలో ఎందరికుంది? కాబట్టి కట్టాల్సిన పైసలు వారం ముందే చేతిలో ఉండాలె. పెండ్లికి చిట్టీ కడుతున్నం. అడ్మిషన్‌కు కూడా ఒక చిట్టీ కట్టుకుందాం.

డిగ్రీలో చేరాలంటే 2016 నుండి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. కాకతీయ, ఉస్మానియా లాంటి యూనివర్సిటీల కాలేజీల్లో చాలావాటికి ఒకే దరఖాస్తు. కాలేజీల పేర్లు వరుసగా పెట్టేటప్పుడు పిల్ల పక్కన మీరు కూర్చోండి. చదవరాకపోతే చదివించుకొని వినండి. మొదట పెట్టిన పేరుకే మొదటి విలువ. సీటు వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వస్తే అయిపోలేదు. ఇచ్చిన తేదీలోపల ఆన్‌లైన్లో ఒప్పుకోవాలె, తర్వాత కాలేజీకి పోయి చేరాలె. లేకుంటే సీటు ఇంకొకరికి పోతది. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌ను 2024 నుండి ఈఏపీసెట్ అంటున్నరు. దాంట్ల కూడా పద్ధతి దాదాపు ఇదే.

మూడోది దళారి. ఇంటర్ పరీక్షలు కాంగనే మోటర్ సైకిల్ మీద ఒకడు వాడలోకి వస్తడు. రంగుల కరపత్రం చేతిల పెడ్తడు. 'ఒక్క రూపాయి కట్టే పని లేదమ్మా, అంత ఫ్రీ. మెమో, టీసీ ఇయ్యండి, మిగతాది మేం చూసుకుంటం' అంటడు. వానికి తలకింత అని కమీషన్ ఉంటది. వాడొచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి:

ఒకటి. ఇది కన్వీనర్ కోటా సీటా, మేనేజ్‌మెంట్ సీటా? మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

రెండు. ఇది ప్రైవేటు కాలేజీనా, ప్రైవేటు యూనివర్సిటీనా? పేరు వింటే ఒక్క తీరే ఉంటది. కాని 2018లో రాష్ట్రం చేసిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు పెట్టలేదు. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్ ఇయ్యొచ్చని రాజ్యాంగం 15(5)లో 2005 సవరణతోనే రాసి ఉంది. రాసి ఉన్నా ఇయ్యలేదు. దీని మీద ఉద్యమం చేయాలె, ఆలోపల మోసపోవద్దు.

మూడు. ఫీజు కాక ఇంకా ఏ పేర్ల మీద ఎంత వసూలు చేస్తరు? కాగితం మీద రాసియ్యమనాలె. ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలె.

నాలుగు. పోయినేడు అక్కడ చదివిన మన వాడ పిల్లలు ఎవరు? వాళ్లను కలిసి పాఠాలెట్లున్నయి, బువ్వ ఎట్లుంది, కులం పేరుతో ఎవడన్న మాటంటున్నడా అని అడగాలె. కరపత్రం కంటె ఆ పిల్లల మాట నమ్మండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలో పెట్టొద్దు. చూసి వాపస్ ఇయ్యాలె, దగ్గర పెట్టుకోవద్దు అని యూజీసీ 2018లోనే చెప్పింది. రీయింబర్స్‌మెంట్ బకాయిలు సర్కారు టైముకు ఇయ్యదు. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసం బంద్ కూడా పెట్టినయి. సర్కారుకు, యజమానికి నడుమ లెక్క తేలలేదని మన బిడ్డ టీసీ ఆపితే ఊకోవద్దు. ఒక్కరే పోతే గేటు కాడనే వాపస్ పంపిస్తరు. పది మంది కలిసి పోవాలె. జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారికి దరఖాస్తు రాసి, మీద ముద్ర వేయించుకోవాలె.

ఇగ ఏ చదువు? 'మీ వాడకు సీఈసీ చాలు' అనేటోళ్లున్నరు. అది కులం మాట. పక్కింటోడు చేరిండని ఇష్టం లేని పిల్లను ఎంపీసీలో తోసేటోళ్లున్నరు. అదీ తప్పే. పిల్లను కూర్చోబెట్టుకొని అడగండి: నీకు ఏది చదువబుద్ధి అయితది? దారులు చాలా ఉన్నయి. పదో తరగతి తోటే పాలీసెట్ రాసి డిప్లొమా చేయొచ్చు, ఆ తర్వాత ఈసెట్ తోటి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీ 2008లో పెట్టింది పల్లె పిల్లల కోసమే, పదో తరగతి మార్కుల మీద సీటిస్తరు. బైపీసీ చదివి నీట్ రాసే పిల్లకు జనగామలోనే 2023 నుండి సర్కారు మెడికల్ కాలేజీ ఉంది. ఇంటర్ తోటి లాసెట్ రాసి ఐదేండ్ల లా చదవొచ్చు. మన కేసులు కొట్లాడే వకీళ్లు మనలో నుంచే రావాలె కదా! సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి 2022 నుండి సీయూఈటీ పరీక్ష పెట్టిండ్రు. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ 2024లో మొదలైంది, అది మనకు దూరమేం కాదు. ఆడపిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలున్నయి. 'ఆడపిల్లను దూరం పంపుతమా' అని ఇంటర్ కాంగనే సంబంధం చూడొద్దు. దూరం పంపాలంటే భయమున్నదా, తల్లి పోయి హాస్టల్ చూసి రావాలె. అంతేగాని చదువు ఆపొద్దు.

ఒక గట్టి మాట చెప్పి ముగిస్తం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళంలో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. ఫెయిలైన పిల్లకు ఆ రాత్రి ఇంట్ల ఒక్క తిట్టు పడొద్దు. సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఇంకో ఏడాది ఉంది, బిడ్డ ఉండాలె. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. సీటు రాంగనే మన పని అయిపోలేదని ఆ చావు చెప్పింది. చేర్పించినంక కూడా వారం వారం ఫోన్ చేయండి. మార్కుల కంటె ముందు, తిన్నవా బిడ్డా, ఎవరన్న ఏమన్న అంటున్నరా అని అడగండి.

కాబట్టి మన తీర్మానం ఇది. ప్రతి వాడలో చదువుకున్న యువకులు, ఆడపిల్లలు ఐదుగురితో ఒక అడ్మిషన్ల కమిటీ వేసుకోవాలె. అంబేద్కర్ సంఘం దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, పదో తరగతి, ఇంటర్ పిల్లలందరి పేర్లు, వాళ్ల కాగితాలు, పరీక్ష తేదీలు, ఫీజు గడువులు రాయాలె. ఆదివారం ఆదివారం తల్లిదండ్రుల ముందు చదివి వినిపించాలె. మాల, మాదిగ, బైండ్ల, డక్కలి అని లేకుండ ఆ నోట్‌బుక్కులో అందరి పిల్లల పేర్లుండాలె. సారాయి మీద కొట్లాడిన తల్లులకు ఈ నోట్‌బుక్కు నడపడం పెద్ద పని కాదు.

మోటర్ సైకిల్ మీద వచ్చేటోడు ఈసారి మన వాడకు వస్తే, వాడు మనల్ని కాదు, మనం వాన్ని ప్రశ్నలడగాలె.

జై భీమ్!