తీరం కోలుకుంది, ఊరు కోలుకోలేదు



2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. వెన్వెంటనే వచ్చిన సునామీ గలాథియా తీరపు ఇసుకను తుడిచిపెట్టింది. కాలక్రమంలో సముద్రమే ఆ ఇసుకను తిరిగి చేర్చింది; గుడ్లు పెట్టడానికి లెదర్‌బ్యాక్ తాబేళ్లు మళ్లీ వచ్చాయి. కాని ఆనాడు క్యాంప్‌బెల్ బే పరిసరాలకు తరలించిన నికోబారీలు తమ పూర్వీకుల ఊళ్లకు తిరిగి చేరలేదు. పంపమని కోరుతూనే ఉన్నారు.

2022 నవంబరులో ఆ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, నగరం నిర్మించే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి లభించింది. అందుకు కేటాయించిన అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అదే నెలలో అక్కడి గిరిజన మండలి తన సమ్మతిని ఉపసంహరించుకుంది. నష్టపోయే అడవికి బదులు మొక్కలు నాటేందుకు తలపెట్టిన చోటు హర్యానా!

హర్యానాలో చెట్లు పెరగవచ్చు. అవి షోంపెన్‌ల ఆకలి తీర్చే మొగలిజాతి పండ్లను ఇవ్వవు, తాబేలుకు తీరాన్ని ఇవ్వవు. అడవి అంటే చెట్ల సంఖ్య కాదు. నేల, నీరు, ప్రాణి, మనిషి ఒకదానిపై ఒకటి ఆధారపడిన బంధం. కనుక ఎవరైనా పునరుద్ధరణ అన్నప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: తిరిగి దక్కేది ఎవరికి?