బడి ఎన్నికలలో మన బిడ్డల పేరు

(విద్యా సంవత్సరారంభంలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి సభ అనగానే మనం మార్కుల గురించి, ఫీజుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. అయితే ఈ రోజు మేము ప్రస్తావించదలచిన విషయం వేరు. మన పిల్లలు బడిలో చదువుతున్నారు సరే, బడి నడకలో వారికి పాలు ఉన్నదా? తరగతి నాయకుల జాబితాలో, విద్యార్థి మంత్రివర్గంలో, క్లబ్బులలో వారి పేర్లు కనిపిస్తున్నాయా? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. చిన్నది కాదని మనవి చేయడానికే మీ ముందు నిలుచున్నాం.

ఉన్నత పాఠశాలలో ఒక సంవత్సరం ఎలా గడుస్తుందో చూడండి. జూన్‌లో బడులు తెరుస్తారు. కొద్ది వారాలలో తరగతి నాయకులను, ఆ పైన బడి మొత్తానికి ఎస్‌పీఎల్ అని పిలుచుకునే విద్యార్థి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. శ్రద్ధ గల ఉపాధ్యాయులున్న చోట నామినేషన్లు, ప్రచారం, అట్టపెట్టెతో చేసిన బ్యాలెట్ పెట్టె, వేలికి సిరా చుక్క, అన్నీ ఉంటాయి. ఆ తరువాత తాగునీరు, పారిశుద్ధ్యం, మధ్యాహ్న భోజనం, గ్రంథాలయం, క్రీడలు అంటూ బాల మంత్రులు ఏర్పడతారు. ఆగస్టు 15న జెండా వందనం దగ్గర వరుసలు సరిచేసేది వీరే. నవంబరు 14న బాలల దినోత్సవం, 26న రాజ్యాంగ దినోత్సవం, జనవరి 25న ఓటర్ల దినోత్సవం వస్తాయి. ఏడాది చివర పదో తరగతి వారు స్వపరిపాలన దినోత్సవం జరుపుకొని, ఒక్క రోజు తామే ఉపాధ్యాయులై, ప్రధానోపాధ్యాయులై బడిని నడిపిస్తారు. ఆనాడు చీర కట్టుకొని, సుద్దముక్క పట్టుకొని ఆరో తరగతిలోకి నడిచిన అమ్మాయి ఆ రోజును జీవితాంతం మరచిపోదు.

వీటికి తోడు క్లబ్బులు. పర్యావరణ శాఖ నేషనల్ గ్రీన్ కోర్ పథకం కింద బడులలో ఏర్పడిన ఎకో క్లబ్బులు ఉన్నాయి. 2018 జనవరి 25న ఎన్నికల సంఘం ప్రారంభించిన ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు తొమ్మిది నుండి పన్నెండో తరగతి వరకు చదివే భావి ఓటర్ల కోసం ఉన్నాయి. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీ, 1950 నుండి పనిచేస్తున్న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మనకు తెలిసినవే. విద్యార్థులతో నమూనా సభలు జరిపే యువ పార్లమెంటు పథకం 1966లోనే ఢిల్లీ పాఠశాలలలో మొదలైంది. ఇవేవీ ఒక వర్గానికి ప్రత్యేకించినవి కావు. తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టేవారు ఎవరన్నదే ప్రశ్న.

మా బృందం ఒక పాఠశాలకు వెళ్లినప్పుడు గోడ మీద విద్యార్థి నాయకుల పట్టిక చూశాం. ఆ బడిలో దాదాపు మూడోవంతు పిల్లలు మనవారే. పట్టికలో ఒక్క పేరు లేదు. ప్రధానోపాధ్యాయుల వారిని అడిగితే, "మీ పిల్లలు ముందుకు రారండీ" అన్నారు. బయట చెట్టు కింద పిల్లలను అడిగితే, "మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నారు. రెండూ నిజాలే. ఆ రెండు నిజాల మధ్య మన పిల్లల పేర్లు రాలిపోతున్నాయి. కార్యక్రమాలలో ఉర్దూ పాటకు, ఈద్ రోజు శుభాకాంక్షలకు మాత్రం వారిని పిలుస్తారు. బడి సమస్య మీద మాట్లాడడానికి పిలవరు.

తప్పు బడి మీదనే మోపడం న్యాయం కాదు. మా ఇంటి సంగతి చెప్పకుండా ఇతరులకు హితవు చెప్పే అర్హత మాకు లేదు. చాలా ఏళ్ల కిందట మా రెండో అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ, తోటి పిల్లల ఓట్లతో బాలికల నాయకురాలైంది. బ్యాడ్జి పెట్టుకొని ఎంతో సంతోషంగా ఇంటికి వచ్చింది. మేము కార్యాలయం నుండి వచ్చి చూసి, "మనకెందుకమ్మా ఇవన్నీ? పదిమంది కళ్లలో పడడం దేనికి? బుద్ధిగా చదువుకో, చాలు" అన్నాం. బిడ్డ మారు మాట్లాడలేదు. మరునాడు బ్యాడ్జి తిరిగి ఇచ్చేసింది. మేము ఆ సంగతే మరచిపోయాం.

ఇప్పుడు ఆ అమ్మాయి తన కుమారుడు చదివే బడిలో యాజమాన్య కమిటీ సభ్యురాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలుండాలి. ఆ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. సమావేశం నుండి ఇంటికి వచ్చాక ఆ సంగతి మాకు చెప్పింది. "అక్కడే చెప్పలేకపోయావా తల్లీ?" అన్నాం. "పదిమంది ముందు మాట్లాడడం నాకు అలవాటు కాలేదు అబ్బా" అన్నది. ఆ మాటలో నింద లేదు. ఉంటే కొంత తేలికగా ఉండేది. చట్టం కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చొని నోరు విప్పే ధైర్యాన్ని మేము ఆమె పద్నాలుగో ఏటనే వెనక్కి ఇప్పించేశాం.

తల్లిదండ్రుల భయాలు మాకు తెలుసు. అవి ఒకప్పటి మా భయాలే. మార్కులు తగ్గుతాయంటారు. వారానికి ఒకటి రెండు గంటల క్లబ్బు పని వల్ల చదువు చెడదు. నలుగురికి వివరించి చెప్పగలిగిన పిల్లవాడికి పాఠం మరింత బాగా నిలుస్తుంది. రాజకీయాలు అంటుకుంటాయంటారు. తాగునీటి కుళాయి గురించి అడగడం రాజకీయమైతే, ఆ రాజకీయం మన బిడ్డలకు రావలసిందే. 61వ రాజ్యాంగ సవరణ పద్దెనిమిదేళ్లకే వారికి ఓటు ఇచ్చింది. పదిహేడో ఏడు వరకు నోరు మూయించి, మరుసటి ఏడు విజ్ఞులైన పౌరులు కమ్మంటే ఎలా అవుతారు? జుమా వేళకు క్లబ్బు సమావేశం పెడతారంటారు. శనివారానికి మార్చమని ఎవరైనా వెళ్లి మర్యాదగా అడిగారా? మేము అడిగిన చోట మార్చారు. ఆడపిల్లల దుస్తుల విషయం కూడా అంతే. గైడ్స్‌లో సల్వార్ కమీజు, దుపట్టా ధరించే వీలున్నది. తెలుసుకోకముందే వద్దనడం మన అలవాటైంది.

పిల్లల మాట వినడం పెద్దల దయ కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. దాని 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును, 15వ అధికరణం సంఘంగా కూడే హక్కును బాలలకు గుర్తించాయి.

మేము గుమాస్తాగా పనిచేసినవారం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటే: నోటి మాట గాలిలో పోతుంది, కాగితం దస్త్రంలో ఉంటుంది. అందుకే ఆ బడి బాల మంత్రులకు అర్జీ రాయడం నేర్పాం. ఎవరికి రాస్తున్నామో పైన రాయాలి. ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. తేదీ వేయాలి. నకలు మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. పదిహేను రోజులకు మర్యాదగా గుర్తు చేయాలి. పారిశుద్ధ్య మంత్రిగా ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి, మన పేట బిడ్డే, గడియ గురించి అర్జీ రాసి తరువాతి కమిటీ సమావేశంలో నిలబడి చదివింది. చేతులు వణికాయట, గొంతు మాత్రం వణకలేదట. ఆ అమ్మాయి కూర్చోగానే మా కుమార్తె లేచి, "ఈ అమ్మాయి చెప్పింది నిజం, నేను కూడా చూశాను" అన్నది. అదే ఆమె తొలి ప్రసంగం. ఆ వారంలోనే గడియ బిగించారు.

ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం: మొదటి ర్యాంకు వచ్చినవారినే నాయకులుగా నియమించకండి. ఓటింగు పెట్టండి. వెనుక బల్లల దగ్గరకు వెళ్లి, "నువ్వు నిలబడతావా?" అని ఒక్కసారి అడగండి. రోజూ ఉదయం పిల్లలు చదివే ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఖజానా అధికారి. మా వంటి కార్యాలయ ఉద్యోగి రాసిన ఆ మాటలను దేశమంతా పిల్లల చేత పలికిస్తున్నది. దానిని చెప్పించే వంతు అన్ని పేర్ల పిల్లలకూ రానివ్వండి.

తల్లిదండ్రులారా, ఈ జూలైలో మీ బిడ్డను, "మీ బడిలో ఎన్నికలు ఎప్పుడు?" అని అడగండి. కుమార్తెను కూడా అడగండి. ఆ ప్రశ్నతోనే మీ అనుమతి వారికి అందుతుంది.

చివరగా పిల్లలకు ఒక మాట. మన పేట ఓట్లు లెక్కపెట్టుకొని నిలబడకండి. అందరినీ అడగండి, అందరి కోసం పనిచేయండి. కుళాయికి నీళ్లు వస్తే అందరూ తాగుతారు. ఓడిపోతే గెలిచినవారికి చేయి కలిపి, ఏదో ఒక క్లబ్బులో చేరండి. గెలిచి బ్యాడ్జి పెట్టుకొని ఇంటికి వెళ్లినప్పుడు అబ్బా వద్దంటే, మా ఇంటి కథ చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మాకు కబురు పెట్టండి. మేమే వచ్చి మాట్లాడతాం.

సెలవు. వస్సలాం.