కొండమీది నీటికట్ట



దక్షిణాఫ్రికాయందలి కేప్‌టౌన్ నగరమును ఆనుకొని, పేరునకు తగినట్లే బల్లపరుపుగా నిలిచియున్న టేబుల్ మౌంటెన్ నేడు జాతీయవనముగా రక్షింపబడుచున్నది. దాని పీఠభూమిపై ఐదు పాత జలాశయములు గలవు. వానిలో మొదటిదగు వుడ్‌హెడ్ కట్టను గూర్చి, నేను చూచివచ్చినంతవరకు, మనవి చేసెదను.

నగరము పెరిగి నీరు చాలకపోవుటచే, 1891లో కొండను తొలిచి సొరంగమార్గమున డిసా యేటి నీటిని పడమటి వాలునకు మళ్ళించిరి. అయితే ఆ సీమలో వానలు శీతకాలమందే మెండు. ఎండకాలమున ఏరు సన్నగిల్లును. కావున థామస్ స్టూవర్ట్ అను ఇంజనీరు ఆధ్వర్యమున, 1894 మొదలు 1897 వరకు శ్రమించి, ఆ యేటికి అడ్డముగా సుమారు 144 అడుగుల యెత్తున రాతికట్ట నిర్మించిరి.

మన హైదరాబాదునందలి మీరాలం చెరువుకట్ట వరుస కమానులుగా వంగి, నీటి త్రోపును వాని నడిమి గోడలకు అప్పగించును. వుడ్‌హెడ్ కట్ట యన్ననో, కేవలము స్వీయభారముచేతనే నిలుచును. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడియు పెరుగును గనుక, దానికి పైన సన్నము, అడుగున వెడల్పు.

రాయి కొండపైననే దొరకినను, తక్కిన సామగ్రిని, మనుష్యులను సైతము, కాస్టీల్స్‌పూర్ట్ అను లోయ మీదుగా ఇనుపతాళ్ళ తీగమార్గమున పైకి చేర్చవలసివచ్చినది. నేడు ఆ తీగలు లేవు. లోయ యంచున దాని శిథిలవేదిక మాత్రము మిగిలినది. పైన బండలు లాగిన చిన్న ఆవిరి యింజను, 1904 నాటి మరియొక కట్ట చెంత నున్న ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. మొక్కల సారము దిగి తేయాకు కషాయమువలె ఎఱ్ఱబారిన జలాశయమును, ఆ యింజనును ఒక్కచోట చూచినప్పుడే, కట్ట కట్టుటకంటె కట్టుటకు వలసినది పైకెక్కించుటయే దుష్కరమని నాకు బోధపడినది.

కట్టడము తన కథలో సగమే చెప్పును. తక్కిన సగము పనిముట్లయందుండును. మన యూళ్ళలో క్రొత్త గొట్టములు పడగానే పాత పంపులు తుక్కుక్రింద తూకమునకు పోవుచున్నవి. అట్టి తీర్మానము పురపాలక సభకు వచ్చిననాడు, ధర నిర్ణయించుటకు పూర్వమే, ఆ పంపును నడిపిన వృద్ధ కార్మికుని రప్పించి, అది యెట్లు పనిచేసినదో వ్రాయించి, యొక్క యంత్రమునైనను నీడపట్టున నిలుపవలసినదిగా ప్రార్థించుచున్నాను.