వెయ్యిన్ని ముప్పైనాలుగు పెళ్లిళ్లు, ఒక వెంకమ్మ



మాస్టారు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఆయన పేరు మీద పెట్టిన ధర్మనిధి ఉపన్యాసానికి తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను పిలిచారు. పైగా సామాజిక శాస్త్రాలకూ మానవీయ శాస్త్రాలకూ తేడా ఏమిటో చెప్పమని విషయం కూడా నిర్వాహకులే ఇచ్చారు. ఇక తప్పించుకునే దారి లేదు.

అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది: వాళ్లు లెక్కలు కడతారు, వీళ్లు కావ్యాలు చదువుతారు అని. అది పైపై మాట. పోనీ యూనివర్సిటీల్ని అడుగుదామంటే అవీ తేల్చవు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చరిత్ర సామాజిక శాస్త్రాల స్కూల్లో ఉంది, తత్త్వశాస్త్రం మానవీయ శాస్త్రాల స్కూల్లో ఉంది. ఎవరు ఏ బిల్డింగులో కూర్చోవాలన్నది రిజిస్ట్రారు గారి పని. ఎవరు ఏ ప్రశ్న వేస్తున్నారు, ఆ జవాబు తప్పని ఎలా తేలుతుంది అన్నది మన పని.

దీనికి మనింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చు వేశారు. ఆ మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశాడు. మన విద్యార్థుల్లో దాన్ని చదివేవాళ్లు తక్కువ, చదివించేవాళ్లు ఇంకా తక్కువ. అందులో ఒక జాబితా సంగతి ఉంది. మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్లన్నిటినీ ఆనంద గజపతి మహారాజు లెక్క రాయించారు. నమోదైనవి 1,034. పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ జాబితా పూర్తి కాదు, కచ్చితమూ కాదు, ఎందుకంటే డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పదు అని గురజాడే చెప్పాడు. సర్వే చేసే ప్రతివాడూ నేర్చుకోవలసిన నిజాయితీ అది.

ఈ జాబితాకు పేర్లతో పని లేదు. ఆ ముగ్గురు పసికందులు ఎవరి పిల్లలో తెలియకపోయినా దాని విలువ తగ్గదు. దురాచారం ఎంత విస్తరించింది, ఏ వయసులో ఎక్కువ, ధర ఎంత పలుకుతోంది, ఇంకో జిల్లాతో పోలిస్తే ఎలా ఉంది, చట్టం తెస్తే తగ్గుతుందా – ఇవన్నీ అడగవచ్చు. రేపు ఇంకొకడు ఊరూరా తిరిగి 1,034 కాదు, 2,000 అని చూపిస్తే మొదటి లెక్క తలవంచాల్సిందే. సామాజిక శాస్త్రపు బలమంతా ఆ తలవంచడంలో ఉంది.

ఇప్పుడు నాటకంలోకి రండి. మనం చదివేది 1909 నాటి కూర్పు. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టాడు, ఆమె వితంతువై ఇంట్లో ఉంది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకు ఇస్తానంటాడు. తల్లి వెంకమ్మ వద్దంటుంది, బతిమాలుతుంది, చివరికి నూతిలో దూకుతుంది. పైకి తీశారు, బతికింది. జాబితాలో ఆమెకు చోటు లేదు. అసలు ఆమె ఉన్న మనిషే కాదు. అయినా పెద్దకూతురి బతుకు రోజూ కళ్లముందు కనిపిస్తుంటే చిన్నకూతురి పెళ్లిమాట వినవలసి రావడం ఆ తల్లికి ఎలా ఉంటుందో చెప్పే అంకె ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

అలాగని మానవీయ శాస్త్రాల్లో ఎవరి నోటికొచ్చింది వాళ్లు అనవచ్చునని కాదు. మొగుణ్ణి బెదిరించడానికే వెంకమ్మ దూకిందని నేనంటే, దాని ముందు సంభాషణ తీసి నా నోరు మూయించవచ్చు. ఇక్కడా సాక్ష్యం కావాలి. అయితే ఆ సాక్ష్యం ఆ ఒక్క ఇంట్లోంచే రావాలి. వెయ్యి ఇళ్లు తిరిగి వచ్చినా వెంకమ్మ గురించి నా మాట సరికాదని తేలదు.

కన్యాశుల్కం అచ్చయిన ఏడాదే, 1897లో, ఫ్రాన్సులో సోషియాలజిస్టు దుర్ఖైమ్ ఆత్మహత్యల మీద తన గ్రంథం ప్రచురించాడు. ఒక మనిషి ఎందుకు చనిపోయాడన్నది ఆయన ప్రశ్న కాదు. ఒక సమాజంలో ఆత్మహత్యల రేటు ఏటేటా ఇంచుమించు నిలకడగా ఎందుకుంటుంది, ప్రొటెస్టంట్లలో కన్నా కేథలిక్కులలో ఎందుకు తక్కువ అన్నది ఆయన ప్రశ్న. అధికారులు కారణాల గడిలో రాసినదాన్ని ఆయన నమ్మలేదు. అవి చనిపోయినవాళ్ల కారణాలు కావు, గుమాస్తాల అభిప్రాయాలు అన్నాడు. మొత్తం సంఖ్యను మాత్రం నమ్మాడు. 1967లో జాక్ డగ్లస్ అనే అమెరికన్ సోషియాలజిస్టు అక్కడే పట్టుకున్నాడు: ఏ మరణాన్ని ఆత్మహత్య అనాలో తేల్చేదీ ఆ గుమాస్తాలే కదా?

ఈ చర్చ మనకు దూరం కాదు. అనంతపురం జిల్లాలో రైతుల ఆత్మహత్యలకు కారణం ‘కడుపునొప్పి’ అని రికార్డుల్లోకి ఎక్కిన వైనాన్ని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశాడు. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతు చనిపోతే రైతు లెక్కలోకి రావడమే కష్టం. పొలంలో ఒళ్లు హూనం చేసుకున్న ఆడమనిషిని రైతు భార్య అంటారు తప్ప రైతు అనరు. ఎంతమంది లెక్క తప్పారో సామాజిక శాస్త్రవేత్త తేల్చాలి. పంచనామాలో ‘కడుపునొప్పి’ అన్న మాట ఎవరు చెబితే ఎవరు రాశారు, పక్కన నిలబడ్డ భార్య ఏం చెప్పబోయి ఊరుకుంది, ఆ ఊరుకోవడానికి పరువు కారణమా, పోలీసు భయమా – ఇది మాబోటివాళ్ల చదువు. కాగితం ఒక్కటే.

కాలం దగ్గర ఇంకో తేడా బయటపడుతుంది. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది, మహారాజు జాబితా చరిత్రకారుల సొత్తయింది. నాటకం మాత్రం ఇంకా ఆడుతోంది. దుర్ఖైమ్ అంకెల మీద ఆధారపడి ఇవాళ ఎవరూ విధానాలు తయారుచేయరు. ఆయన్ని ఇంకా చదువుతున్నామంటే మేం గురజాడను చదివినట్టే చదువుతున్నామన్నమాట. ఎకనామిక్స్ మిత్రులు ఈ మాటకు కోపగించుకోరని ఆశ.

నా ఫిర్యాదు ఒకటి మిగిలింది. తెలుగులో పీహెచ్‌డీకి చేరే పిల్లవాడి చేత ఇప్పుడు సినాప్సిస్‌లో పరికల్పన, శాంపిల్, ఫైండింగ్స్ అని గడులు నింపిస్తున్నారు. ఒక కవి పద్యాన్ని పదిసార్లు చదవవలసినవాడు వందమందికి ప్రశ్నపత్రాలు పంచి, డెబ్బైమందికి నచ్చిందని శాతాలు తీస్తున్నాడు. దాన్ని సోషియాలజీ వాళ్లూ ఒప్పుకోరు, మాకూ పనికిరాదు. పక్కవాడి పద్ధతిని అరువు తెచ్చుకున్నంత మాత్రాన శాస్త్రం అయిపోదు.

అందుకే ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఇలా ఇంకో ఉపన్యాసం పెట్టించే బదులు ఆ డబ్బుతో ఒక సోషియాలజీ విద్యార్థినీ ఒక తెలుగు విద్యార్థినీ ఒకే మండలానికి పంపండి. ఒకే పంచనామాల కట్ట ఇద్దరి చేతా చదివించండి. ఇద్దరి రిపోర్టులూ విడివిడిగా రాయించి, ఒకే పుస్తకంగా అచ్చు వేయించండి.