ఫిజీ దీవిలో ఒక ఊరి పేరు
(బోటనీ డౌన్స్ తెలుగు తరగతి విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)



ఈనాడు మీతో ఫిజీ దీవులను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. మీలో కొందరు ఇప్పటికే అక్కడికి వెళ్ళి వచ్చారు. మరికొందరు రాబోయే సెలవుల్లో వెళ్ళబోతున్నారు. "ఫిజీలో ఏముంది?" అని అడిగితే మీరంతా ఒక్క గొంతుతో చెప్పే జవాబు నాకు తెలుసు. సముద్రం, ఇసుక, కొబ్బరిచెట్లు, హోటల్లో ఈతకొలను! ఆ జవాబు తప్పు కాదు. అయితే అది సగం జవాబు. మిగిలిన సగం మన తరగతిలోని ఒక అమ్మాయి మొన్న జూలై సెలవుల్లో తెలుసుకొని వచ్చింది. తన పేరు చెప్పవద్దని నన్ను కోరింది కనుక చెప్పను. మీరు కూడా వెనక్కి తిరిగి ఆమెవైపు చూడకండి!

ముందు కొంచెం భూగోళం. ఫిజీ ఒక్క దీవి కాదు. 300కు పైగా దీవుల గుంపు. వాటిలో మనుషులు కాపురముండేవి మూడోవంతు మాత్రమే. అన్నిటిలోకి పెద్దవి రెండు. ఒకటి వీతి లేవు, రెండవది వనువా లేవు. ఈ పేర్లు పటంలో చదివి ఆ అమ్మాయి తమ్ముడు, "వీధులు లేవా? మరి ఎలా నడుస్తాం?" అన్నాడట. ఫిజీ భాషలో "లేవు" అంటే పెద్దది అని అర్థం. విమానం దిగే పట్టణం పేరు ఇంగ్లీషు అక్షరాలలో చూస్తే "నది" అని చదువుతాం. కాని ఆ భాషలో "డ" ముందు ఒక "న" దాగి ఉంటుంది. "నాండి" అనాలి.

ఇప్పుడు గ్లోబు తీసుకొని చూడండి. ఆక్లండ్ దాదాపు 37 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. నాండి 18 డిగ్రీల దగ్గర, అంటే మకరరేఖకు లోపల ఉంది. మన విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా ఇంచుమించు 16న్నర డిగ్రీల మీద ఉంది. రేఖకు అటు విజయవాడ ఎంత దూరమో, ఇటు ఫిజీ కూడా దాదాపు అంతే దూరం. అందుచేతనే మీ అమ్మమ్మగారి పెరట్లో పెరిగే మామిడి, చింత, మునగ, కరివేపాకు అక్కడి పెరళ్ళలో కూడా పెరుగుతాయి. బోటనీ డౌన్స్‌లో కరివేపాకు మొక్కను చలికాలమంతా కిటికీ పక్కన బిడ్డలా సాకవలసి వస్తుంది. అక్కడ అది దానంతట అదే చెట్టవుతుంది.

ఆ కుటుంబం బయలుదేరిన రోజున ఇక్కడ చలి. అమ్మాయి, తమ్ముడు, అమ్మ, నాన్న, నలుగురూ ఉన్ని చొక్కాలు వేసుకొని విమానం ఎక్కారు. ఆక్లండ్ నుండి నాండికి 2,000 కిలోమీటర్లకు పైగా దూరం. మూడు గంటల ప్రయాణం. జూలైలో రెండుచోట్లా ఒకటే సమయం కనుక గడియారం తిప్పుకోనక్కరలేదు. అమ్మాయికి కిటికీ పక్క కుర్చీ దొరికింది. రెండున్నర గంటలసేపు నీలిరంగు తప్ప మరేమీ కనిపించలేదట. తరువాత ఆ నీలంలో ఆకుపచ్చని ఉంగరాలు కనిపించాయి. దీవి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నచోట నీరు లోతు తక్కువ, అందుకే ఆ రంగు. పగడం రాయి కాదని మీరు చదువుకున్నారు. చిన్న చిన్న జీవులు వేల ఏళ్ళుగా కట్టుకున్న ఇల్లు అది. దాని మీద కాలు మోపకూడదు. మోపితే దానికీ దెబ్బే, మన కాలికీ దెబ్బే. విమానం తలుపు తీయగానే వేడిగాలి ముఖాన కొట్టింది. "రాజమండ్రి స్టేషన్లో దిగినట్టుంది!" అని వాళ్ళమ్మ అన్నదట.

మొదటి మూడు రోజులూ అందరిలాగానే గడిచాయి. ఈత, ఆట, గవ్వలు. ఎదురుపడిన ప్రతివారూ "బూలా!" అని పలకరించేవారు. కృతజ్ఞత చెప్పడానికి "వినాకా" అనాలని తమ్ముడు ముందుగా నేర్చుకున్నాడు. ఒకరోజు ఒక ఫిజీ పల్లెకు వెళ్ళారు. పల్లెలోకి అడుగు పెట్టేటప్పుడు టోపీ తీసివేయాలి. ఎవరి తలమీదా చెయ్యి వేయకూడదు, చిన్నపిల్లల తలను ముద్దుగా నిమిరినా అది మర్యాద కాదు. గ్రామ పెద్దకు యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట కానుకగా ఇచ్చి అనుమతి అడగాలి. ఇది వారి దేశం, వారి నేల. వారి పద్ధతి తెలుసుకొని వెళ్ళడం అతిథి ధర్మం.

నాలుగో రోజున అసలు సంగతి జరిగింది. ఇక్కడ వీరి పక్కింటివారు ఫిజీలో పుట్టిన భారతీయులు. 1987లో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు, 2000లో మళ్ళీ అలజడి రేగినప్పుడు ఎన్నో కుటుంబాలు ఆ దేశం వదిలి న్యూజీలాండు వచ్చాయి. ఈ పక్కింటివారు కూడా అలా వచ్చినవారే. వారి నాయనమ్మ మాత్రం ఇల్లు విడిచి రాలేదు. నాండికి కొంత దూరంలో చెరుకు పొలాల మధ్య ఉంటుంది. "మా మామ్మగారికి ఈ మందులూ, ఈ శాలువా ఇచ్చిరండి" అని వారు ఒక పొట్లం అప్పగించారు.

దారి పొడుగునా చెరుకే. జూలై చెరుకు కొట్టే కాలం. గడలు నిండిన లారీలు లౌటోకా మిల్లు వైపు సాగుతున్నాయి. ఇక్కడ కథను కాసేపు ఆపి మీకు చరిత్ర చెప్పక తప్పదు.

1879 మే 14న లియొనిడాస్ అనే ఓడ భారతదేశం నుండి మొదటి కూలీలను ఫిజీకి తెచ్చింది. చివరి ఓడ 1916లో వచ్చింది. ఆ 37 సంవత్సరాలలో 60 వేలమందికి పైగా వచ్చారు. మొదట అందరూ కలకత్తా రేవు నుండి వచ్చినవారే. 1903 నుండి మద్రాసు రేవులో కూడా ఓడ ఎక్కించారు. అలా వచ్చిన దక్షిణాదివారు సుమారు 15 వేలమంది. వారిలో తమిళులు, మలయాళీలు ఉన్నారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారూ ఉన్నారు. సముద్రం మీద సుమారు నెల రోజులు. దిగాక సువా దగ్గర నుకులావు అనే చిన్న దీవిలో ఉంచి, రోగాలు లేవని తేల్చుకొని, తోటలకు పంచేవారు.

ఐదేళ్ళు పని చేస్తామని వేలిముద్ర వేసిన కాగితం పేరు అగ్రిమెంటు. ఆ మాట వారి నోట "గిర్మిట్" అయింది. వారు గిర్మిటియాలు అయ్యారు. రోజు పని పూర్తి చేస్తే మగవారికి 1 షిల్లింగు, ఆడవారికి 9 పెన్నీలు. పూర్తికాకపోతే కోత. పనికి రాకపోతే కోర్టు, జరిమానా, జైలు. నివాసం "లైన్లు" అనే పొడవాటి పాకలలో. ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. మీ ఇళ్ళలో కారు పెట్టే గది ఇంతకంటె పెద్దది! అందులో ఒక సంసారం, లేకపోతే ముగ్గురు ఒంటరి మగవాళ్ళు. ఈ పద్ధతి 1920 జనవరి 1న పూర్తిగా రద్దయింది. చాలామంది తిరిగి రాలేదు. అక్కడే కౌలుకు భూమి తీసుకొని చెరుకు వేశారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాలలో "రంగం వెళ్ళాడు" అనే మాట ఉండేది. రంగం అంటే రంగూను. రంగం వెళ్ళినవాడు డబ్బు పంపేవాడు, వచ్చిపోతూ ఉండేవాడు. ఫిజీ వెళ్ళినవాడి జాడ చాలా ఇళ్ళలో తెలియనే లేదు.

మరి వారి తెలుగు ఏమయింది? లైన్లలో ఎక్కువమంది ఉత్తరాదివారు. మేస్త్రీ కేకవేసేది హిందీలో. తోటివారితో మాట్లాడాలంటే హిందీయే. తెలుగువారు ఒకచోట పదిమంది, ఒకచోట ఐదుగురు. పిల్లలు పుట్టారు, వారు వీధిలో వినిపించిన భాష నేర్చుకున్నారు. భాష నిలబెట్టాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 1926లో సాధు కుప్పుస్వామి దక్షిణాదివారందరికోసం నాండిలో ఒక సంఘం స్థాపించారు. "సంగం" అంటే నేటికీ అక్కడ అందరికీ తెలుసు, వారి బడులు ఎన్నో ఉన్నాయి. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని వేరుగా పెట్టుకున్నారు. బడులలో తెలుగు చెప్పించారు కూడా. కాని బడిలో నేర్చిన మాటకు ఇంట్లో జవాబు చెప్పేవారు తగ్గిపోయారు. నా ఉద్దేశంలో ఏ బడి అయినా ఓడిపోయేది అక్కడే.

ఇక మన కథకు వద్దాం. మామ్మగారి ఇల్లు రేకుల కప్పు ఇల్లు. ముందు బంతిపూలు, పక్కన మునగచెట్టు. వయస్సు 80 దాటింది. పొట్లం అందుకొని ఆమె ఫిజీ హిందీలో కుశలం అడిగింది. వాళ్ళ నాన్న తనకు వచ్చిన హిందీలో జవాబు చెప్పాడు. ఇంతలో అమ్మాయి తమ్ముడితో మెల్లగా, "ఒరేయ్, నీళ్ళు ఒలికించకు" అన్నది.

మామ్మగారు ఉలిక్కిపడింది. "నీళ్ళు" అన్నది. మళ్ళీ, "నీళ్ళు. అన్నం. రా. కూర్చో" అన్నది. చిన్నప్పుడు వాళ్ళ తాత నోట విన్న మాటలవి. వేళ్ళు మడుస్తూ ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టింది. అక్కడ ఆగిపోయింది. "పది తరువాత తాతకు ఓపిక ఉండేది కాదు" అని హిందీలో చెప్పి నవ్వింది. అమ్మాయి దగ్గరకు వెళ్ళి, "పదకొండు, మామ్మగారూ" అన్నది. ఇద్దరూ కలిసి ఇరవై దాకా వెళ్ళారు.

తరువాత మామ్మగారు, "నా పేరు మీ అక్షరాలలో ఎలా ఉంటుంది?" అని అడిగింది. అమ్మాయి పుస్తకంలోని కాగితం చించి పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, ఇది ఏది, ఇది ఏది అని అడిగింది. ఎనభై ఏళ్ళలో తన పేరును తెలుగులో చూడడం అదే మొదటిసారట. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచింది. ఈ సంగతి చెబుతూ మన అమ్మాయి, "మాస్టారూ, అందులో గుణింతం సరిగ్గా రాశానో లేదో అని రాత్రి నిద్రపట్టలేదు" అన్నది. సరిగ్గానే రాసింది. నేను చూశాను.

వచ్చేటప్పుడు మామ్మగారు ఒక కట్ట కరివేపాకు కోసి ఇచ్చింది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నారు. ఆక్లండ్ విమానాశ్రయంలో వాళ్ళ నాన్న ఆ సంగతి అధికారులకు ముందే చెప్పి, కట్టను అక్కడి తొట్టిలో వేశాడు. తమ్ముడు ఏడ్చాడట. ఏడ్చినా అదే సరైన పని. ఆకుతోపాటు పురుగు, తెగులు వస్తే ఇక్కడి తోటలకు చేటు. దాచి తెస్తే జరిమానా. మీరు వెళ్ళినప్పుడు మీ సంచీలో పండో ఆకో ఉంటే తప్పక చెప్పండి.

ఇంకొక కాగితం మాత్రం భద్రంగా వచ్చింది. అది మామ్మగారి తాతగారి ఎమిగ్రేషన్ పాసు నకలు. ఓడ ఎక్కే ప్రతి కూలీకి అటువంటి పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చ, జిల్లా, ఊరు అందులో ఉంటాయి. "మాది ఏ ఊరో ఎవరైనా చెప్పగలరా?" అని మామ్మగారు అమ్మాయి చేతికి ఇచ్చింది. ఇదిగో, చూడండి. సంవత్సరం 1911. జిల్లా గోదావరి. కృష్ణాను "కిస్ట్నా" అనీ, విశాఖపట్నాన్ని "విజగపటాం" అనీ రాసిన గుమాస్తాలు వాళ్ళు. అయినా గోదావరిని సరిగ్గా రాశారు. కాని ఊరి పేరు చోట "కొత్తప" అన్నంతవరకే చదవడానికి వస్తున్నది. తరువాత సిరా అలుక్కుపోయింది. తాలూకా రాసిన చోట మడత పడి చిరిగింది.

కొత్తపేట కావచ్చు. కోనసీమలో ఒక కొత్తపేట ఉంది. కొత్తపల్లి కావచ్చు. కాకినాడకు ఎగువన సముద్రం ఒడ్డున ఒక కొత్తపల్లి ఉంది. ఇంకా చిన్న ఊళ్ళు ఎన్ని ఉన్నాయో! మీలో ముగ్గురి తాతగారి ఊళ్ళు ఆ ప్రాంతంలోనే ఉన్నాయని నాకు తెలుసు. ఈ వారం వారికి టెలిఫోను చేసినప్పుడు అడగండి. "మన వైపున ఎవరైనా చెరుకు తోటలకు ఓడ ఎక్కి వెళ్ళి తిరిగి రాలేదని పెద్దలు చెప్పుకునేవారా?" అని తెలుగులోనే అడగండి. వారు చెప్పినది చెప్పినట్లు రాసుకొని రండి. వచ్చే శనివారం నేను గోదావరి జిల్లా పటం తెస్తాను. ఈ పాసును, పటాన్ని పక్కపక్కన పెట్టుకొని కూర్చుందాం. మామ్మగారు జవాబు కోసం చూస్తున్నది.