లావుగా ఉన్నవాళ్ళు కొండెక్కకూడదా?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



"స్త్రీలు - శరీరం - వ్యాయామం" అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచిన మిత్రురాలు ఫోన్లో చాలా మొహమాటపడింది. "మీరైతే ఎలా ఉంటుందా అని మాలో కొంచెం చర్చ జరిగింది అక్కా" అంది. ఆమె చెప్పలేకపోయింది నేనే చెప్పేస్తాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. బరువు 96 కిలోలు. వ్యాయామం గురించి సన్నగా ఉన్నవాళ్ళు చెప్పాలి, లావుగా ఉన్నవాళ్ళు వినాలి. లోకం తీరు ఇది. ఇది మన సంఘాల్లోకి కూడా వచ్చి ఎలా కూర్చుందో మాట్లాడదామనే ఒప్పుకున్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. 'స్థూలకాయం' డాక్టరు మాట. 'ప్లస్ సైజు' బట్టల దుకాణం మాట. 'కాస్త బొద్దుగా ఉంటుంది' అనేది పెళ్ళిళ్ళ పేరయ్య మాట. ఇంట్లో, వీధిలో మనం వింటూ పెరిగింది 'లావు'. నేను ఆ మాటే వాడతాను. "ఏ కొట్లో బియ్యం కొంటారండీ?" అని నవ్వేవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక మాత్రం నలభై దాటాక నాకు పోయింది.

నాలుగేళ్ళ క్రితం, తాడు కట్టుకుని బండలెక్కడం నేర్పుతామంటే డబ్బు కట్టి, హైదరాబాదు శివార్లలో ఒక బండ దగ్గరికి వెళ్ళాను. ఇరవైమందిమి ఉన్నాం. నడుముకీ తొడలకీ బిగించే పట్టీలు ఉంటాయి, హార్నెస్ అంటారు. నా వంతు వచ్చేసరికి అది నా నడుము చుట్టూ రాలేదు. నాలుగు వేళ్ళు తక్కువైంది. నేర్పే కుర్రాడు అందరికీ వినబడేలా "మేడమ్, మీ వెయిట్ ఎంత?" అన్నాడు. చెప్పాను. ఇరవైమందీ విన్నారు. "సేఫ్టీ ప్రాబ్లం మేడమ్, మీరు కూర్చుని ఫోటోలు తియ్యండి" అన్నాడు. సాయంత్రం దాకా అందరి చెప్పులకీ, బ్యాగులకీ, నీళ్ళ సీసాలకీ కాపలా కాశాను.

నేను సోషియాలజీలో డాక్టరేట్ చేసినదాన్ని. స్త్రీల శ్రమ మీద, ఆరోగ్యం మీద ఇరవయ్యేళ్ళుగా పని చేస్తున్నాను. శరీర రాజకీయాల మీద పాఠాలు చెబుతాను. ఆ రోజు నా నోటివెంట ఒక్క మాట రాలేదు. తప్పు నా నడుముదే అనుకున్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం మానేశాను కూడా. సిగ్గుగానే ఉంది, అయినా ఇది ఇక్కడ చెప్పాలి.

ఆ తర్వాత కూర్చుని చదివాను. ప్రమాణాల ప్రకారం హార్నెస్ 15 కిలోన్యూటన్ల లాగుడుకి తట్టుకోవాలి. అంటే సుమారు 1,500 కిలోల బరువు. తాడును తగిలించే కొక్కెం 20 కిలోన్యూటన్లకి తట్టుకోవాలి. మనిషి జారి పడినప్పుడు వచ్చే కుదుపు మామూలు బరువుకి కొన్ని రెట్లుంటుంది, నిజమే. ఆ కుదుపు కోసమే వాటిని అంత గట్టిగా చేస్తారు. అంచేత ఆ రోజు నా విషయంలో సమస్య పట్టీ బలం కాదు, పట్టీ పొడవు. పొడవు పట్టీలున్న హార్నెస్‌లు తయారవుతున్నాయి. వాళ్ళు కొని పెట్టుకోలేదు, అంతే. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఇంకొకటుంది. కింద నిలబడి తాడు పట్టుకునే మనిషి, ఎక్కే మనిషి కన్నా బాగా తేలికైతే, పైవాళ్ళు జారినప్పుడు కిందివాళ్ళు గాల్లోకి లేస్తారు. దానికి ఉపాయం, కిందివాళ్ళను ఒక బండకో చెట్టుకో కట్టి ఉంచడం, లేదా బరువైనవాళ్ళను కింద నిలబెట్టడం. ఆ పనికి ఆ రోజు అక్కడ నాకంటే తగినవాళ్ళు ఎవరూ లేరు!

భద్రత అనే మాటను స్త్రీల విషయంలో ఎన్నిసార్లు వాడతారో మనకు తెలుసు. రాత్రి బస్సు, హాస్టలు గేటు, నైట్ డ్యూటీ. ఏర్పాటు చెయ్యడం ఖర్చు, ఆపెయ్యడం ఉచితం. అందుకని ఆపేస్తారు.

అసలు లావుపాటి స్త్రీలు కొండలెక్కరని ఎవరన్నారు? తిరుమలకు అలిపిరి దారిలో చూడండి. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మా మేనత్త నా అంత ఉంటుంది. యాభై అయిదేళ్ళప్పుడు మొక్కు తీర్చుకోవడానికి మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కింది. మెట్టెక్కడం కాదు, వంగి లేవడం లెక్కపెట్టండి. ఏ జిమ్ములోనూ ఆ పని ఎవరూ చేయించలేరు. దారిలో ఒక్కరు కూడా ఆమెను "మీ వల్ల కాదమ్మా" అనలేదు. పక్కకు తప్పుకుని దారిచ్చారు. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకు పోయే స్త్రీలనూ చూశాను. రాళ్ళ దారిలో లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కుతారు. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, నాలాంటివాళ్ళు, అందరూ ఉంటారు. దేవుడి పేరు చెబితే మన శరీరానికి అనుమతి దొరుకుతుంది. ఇంటివాళ్ళు కూడా పంపిస్తారు. అదే మేనత్త "ఆదివారం ఊరికే సరదాగా గుట్టెక్కి వస్తా" అంటే, ఇంట్లో ముందడిగే ప్రశ్న ఎందుకు అని. రెండో ప్రశ్న, వంటెవరు చేస్తారు అని. సరదా కోసం తన ఒళ్ళు కదుపుకునే హక్కు గురించే నేను మాట్లాడుతున్నాను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. "ఇది కడుపు నిండినవాళ్ళ గొడవ అక్కా. నాట్లు వేసే ఆడమనిషికి వ్యాయామమేంటి?" అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో బరువు ఎక్కువున్నవాళ్ళు దేశంలో 24 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. మూడో వంతు స్త్రీలు కడుపు నిండినవాళ్ళేనా? బియ్యం, పామాయిలు, చక్కెర చౌక. పప్పు, గుడ్డు, పండు ఖరీదు. రోజుకు పది గంటలు కుట్టుమిషను ముందు కూర్చునే ఆమె, అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన స్టూలు మీద కూర్చునే వాచ్‌మన్ భార్య, వీళ్ళ ఒళ్ళు ఎలా ఉందో మీరు రోజూ చూస్తున్నారు. అదే సర్వేలో స్త్రీలలో రక్తహీనత 57 శాతం. ఈ రెండు అంకెలూ వేర్వేరు మనుషులవి అనుకోకండి.

ఎందుకంటే నేను ఆ రెండు అంకెల్లోనూ ఉన్నాను. ఒక ఏడాదంతా మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. డాక్టరు నా మొహం చూడకముందే బరువు చూశాడు. "తగ్గండి, అదే పోతుంది" అన్నాడు. నేనూ నమ్మాను. ఆయాసం వచ్చినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి ఇంకో డాక్టరమ్మ రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 7.4 ఉంది. నెలనెలా ఎక్కువగా పోతున్న రక్తం గురించి ఆ ఏడాదంతా నన్ను ఎవరూ అడగలేదు. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువేమిటి అనేది జనం మాటే కాదు, వైద్యం చేసేవాళ్ళ మనసులో కూడా ఉంది. ఐరన్ మాత్రలతో ఆరు నెలల్లో ఆయాసం పోయింది. బరువు అంతే ఉంది.

అలాగని లావు వల్ల ఏ ఇబ్బందీ లేదని నేను చెప్పడం లేదు. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులకీ బరువుకీ సంబంధం ఉంది. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు వస్తోందని, ఆసియా దేశాలకు 23 దగ్గర్నుంచే జాగ్రత్తపడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. ఈ 23, 25 అనే అంకెలు బీఎంఐవి. దీని మూలం 1830లలో బెల్జియంలో కెత్లే అనే గణాంక శాస్త్రవేత్త చేసిన లెక్క. మా సోషియాలజీ వాళ్ళకి బాగా తెలిసిన మనిషే. ఆయన వెతికింది జబ్బులను కాదు, 'సగటు మనిషి'ని. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్. ఆయన ఆ అధ్యయనంలో లెక్కించినదంతా పురుషులనే. జనాభా మొత్తాన్ని అంచనా వెయ్యడానికి ఆ కొలత పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న స్త్రీకి ఏమయిందో ఆ ఒక్క అంకె చెప్పదు.

ఇంకొక సంగతి వ్యాయామం చేసేవాళ్ళందరికీ పనికొస్తుంది. నడక వల్ల గుండె, ఊపిరి, నిద్ర, షుగరు బాగుపడటానికి బరువు తగ్గి తీరాలని లేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ. మోస్తరు అంటే పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాకు మూడేళ్ళలో రెండు కిలోలు తగ్గాయి, అవి కూడా డెంగ్యూ వచ్చినప్పుడు. కాని అప్పుడు రెండో అంతస్తు ఎక్కలేనిదాన్ని ఇప్పుడు భువనగిరి కోట పైదాకా ఎక్కి దిగుతున్నాను.

భువనగిరి పేరు వచ్చింది కాబట్టి మాలావత్ పూర్ణను తలుచుకోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గిరిజన బాలిక, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఈ ఏకశిల మీద శిక్షణ మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. ఆమె పట్టుదల గురించి అందరూ రాశారు. నేను చూసేది ఇంకొకటి. ఆమెకు బూట్లు, తిండి, తాడు, నేర్పేవాళ్ళు, సమయం దొరికాయి. ప్రభుత్వ డబ్బుతో దొరికాయి. ఆ దొరకడం లేకపోతే ఆ పట్టుదల గురించి మనకు తెలిసేదే కాదు.

ఇక మన సంగతి. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలను స్త్రీల సంఘాలు వ్యతిరేకించినప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. స్త్రీ శరీరానికి కొలతలేమిటని అడిగినవాళ్ళను చూసి ఈ వైపు వచ్చినదాన్ని. మరి మన సమావేశాల్లో ఏం జరుగుతోంది? ఆర్నెల్ల తర్వాత కలిసిన మనిషిని "అబ్బ, ఎంత తగ్గావే!" అని మెచ్చుకుంటాం. ఆమె జబ్బుపడి తగ్గిందేమో అడగం. మన పోస్టర్లు తీసి చూడండి. దొరకి, వడ్డీ వ్యాపారికి, పెట్టుబడిదారుకి పెద్ద పొట్ట. వీధి నాటకంలో దోపిడీదారు వేషం కట్టాలంటే చొక్కాలోపల దిండు. దోపిడీని చూపించడానికి మనకు లావు తప్ప ఇంకో గుర్తు దొరకలేదా? ఒక నాటకంలో ఆ వేషం నాకిచ్చారు. దిండు అవసరం లేదని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కలిసి నడవడం గురించి అనుభవంలో తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. ఏ గుంపులోనైనా వేగంగా నడిచేవాళ్ళు ముందుపోయి, నీడలో కూర్చుని, నీళ్ళు తాగి, వెనకపడిన మనిషి కోసం ఎదురుచూస్తారు. ఆమె చేరగానే "హమ్మయ్య, వచ్చేసింది, పదండి" అని లేస్తారు. అందరికన్నా ఎక్కువ విశ్రాంతి కావలసిన మనిషికి అసలు విశ్రాంతే ఉండదు. ఆమె వెనకపడింది చేతకాక అనుకుంటారు. మేము ఆరుగురం నెలకొకసారి వెళుతున్నాం. నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు పెడతాం. ఆ నెల అది నేనైతే నేను, మోకాలు నొప్పిగా ఉన్నది ఇంకొకరైతే ఆమె.

తొడలు ఒరుసుకుని పుండ్లు పడటం గురించి ఎవరూ మాట్లాడరు. చాలామంది రెండో రోజు నడక మానేసేది ఆయాసం వల్ల కాదు, ఆ మంట వల్ల. కొబ్బరినూనె గాని వాజలిన్ గాని రాసుకోండి, లోపల మోకాలి దాకా వచ్చే బిగుతు నిక్కరు వేసుకోండి. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు మోకాలి మీద భారం ఎక్కువ. రెండు చేతికర్రలుంటే కొంత తగ్గుతుంది, వెదురుకర్రలైనా చాలు. నీళ్ళు మానకండి. దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా వచ్చి కళ్ళు తిరిగి పడినవాళ్ళను చూశాను. అది లావు వల్ల కాదు, మరుగుదొడ్డి లేక. శిబిరాలూ పాదయాత్రలూ పెట్టే మీరందరూ దారి గీసేటప్పుడే ఈ ఏర్పాటు రాసుకోవాలి. ట్రాక్ ప్యాంటు నా కొలతకి ఆడవాళ్ళ వరసలో దొరకదు, మగవాళ్ళ వరసలో దొరుకుతుంది. మా వీధి దర్జీ నాలుగు జేబులు పెట్టి కుట్టిచ్చాడు. ఇదివరకు నా బట్టలకి జేబులే ఉండేవి కావు.

పోయిన శీతాకాలం మళ్ళీ బండ దగ్గరికి వెళ్ళాను. వేరే చోట, వేరే మనుషులతో. ముందే ఫోన్ చేసి పట్టీ పొడవు ఎంత అని అడిగాను. సరిపోదంటే ఒకటి నేనే కొన్నాను. ముప్ఫై అడుగులెక్కి చెయ్యి జారింది. తాడు పట్టుకున్న అమ్మాయి నాకన్నా చాలా సన్నం, ఆమెను చెట్టుకు కట్టారు. తాడు నన్ను పట్టింది. గాల్లో అలా వేలాడుతూ కింద నా చెప్పులు చూశాను. వాటి పక్కన ఎవరూ కాపలా లేరు.

ఆ హార్నెస్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నెలలో ఒక ఆదివారం తప్ప ఖాళీగానే ఉంటుంది. కావలసినవాళ్ళు టీ విరామంలో నన్ను కలవండి.