గాయకులకు విశ్రాంతి కూడా సాధనయే

(గాయక బృందాల కూటంలో చేసిన ప్రసంగపాఠం)



శతవార్షికోత్సవం సమీపించినకొలది సంఘాలన్నిటిలోను పాటల అభ్యాసం ముమ్మరంగా సాగుతున్నది. అభ్యాసం కూసు విద్య అన్నారు పెద్దలు. ఆ మాటను మేము కాదనము. అయితే ఉదయమంతా కాడి మోసిన ఎద్దును మధ్యాహ్నం విప్పి నీరు పెట్టని రైతు మన పల్లెల్లో కనబడడు. ఎద్దుపై చూపే ఆ కనికరాన్ని మనం గాయకుల గొంతుపై చూపుతున్నామా అన్నదే నేటి మా ప్రశ్న.

మన స్వరపేటికలో రెండు చిన్న స్వరతంతువులు ఉన్నాయి. వాటి పొడవు సుమారు ఒకటి రెండు సెంటీమీటర్లే. ఊపిరి వాటి నడుమనుండి వచ్చేటప్పుడు అవి ఒకదానికొకటి తగులుతూ, విడిపోతూ ఉంటాయి. పాశ్చాత్య సంగీతంలో వాద్యాలను శ్రుతి చేసుకొనే స్వరం ఒకటున్నది. ఆ స్వరాన్ని స్త్రీలు పాడేటప్పుడు తంతువులు సెకనుకు 440 సార్లు తగులుతాయి. ఒక్క నిమిషం నిలిపితే 26,400 సార్లు! పురుషులు ఒక స్థాయి క్రింద పాడితే అందులో సగం. రెండు గంటల అభ్యాసానికి ఎంత అవుతుందో మీరే లెక్కవేసుకొనండి. అన్నిసార్లు చప్పట్లు కొడితే అరచేతులు ఎర్రబడవా? తంతువులూ అట్లే వాస్తాయి. విశ్రాంతి దొరికితే ఆ వాపు తీసిపోతుంది. దొరకని యెడల, పార పట్టిన చేతికి కాయలు కాచినట్లు తంతువులపైనా కాయలు కాస్తాయి. గొంతు బొంగురుపోతుంది, పైస్వరాలు అందవు. అందలేదని ఇంకా బలవంతం చేస్తే కీడు రెట్టింపవుతుంది.

ఇందుకు చరిత్రలో ఒక దృష్టాంతమున్నది. స్వీడన్ దేశపు గాయని జెన్నీ లిండ్ బాల్యం నుండి రంగస్థలంపై పాడి పాడి, ఇరవై ఏండ్ల ప్రాయానికే గొంతు చెడగొట్టుకొన్నది. 1841లో పారిస్‌లో మాన్యువల్ గార్షియా అనే సంగీత గురువును ఆశ్రయించింది. ఆయన వెంటనే పాఠం ఆరంభించలేదు. ఆరు వారాలపాటు పాడవద్దనీ, మాటలు సైతం తగ్గించుమనీ చెప్పి పంపాడు. అటుపిమ్మటనే శిక్షణ మొదలైంది. 1842లో ఆమె స్వదేశానికి తిరిగి వెళ్లి మరల పాడింది. 1848లో లండన్‌లో మెండెల్సన్ రచించిన ‘ఏలీయా’ను గానం చేసింది. ఆ గురువే 1854లో చిన్న అద్దం సాయంతో, పాడుతున్న తన స్వరతంతువులను తానే చూడగలిగాడు. గొంతును అంతగా ఎరిగినవాడు ఇచ్చిన మొదటి పాఠం మౌనం! ఆమె గానం చేసిన ఆ ఏలీయా ప్రవక్త మాత్రం? అలసి బదరీవృక్షం క్రింద పడుకొన్నవానికి దేవుడు ముందు నిద్రను, ఆహారాన్ని ఇచ్చాడు. ప్రయాణపు మాట ఆ తరువాతనే వచ్చింది.

ఇక మన సంగతి. మన బృందాల్లో పాఠశాల ఉపాధ్యాయినులు అనేకులు. పగలంతా పాఠాలు చెప్పి, సాయంత్రం అభ్యాసానికి వస్తారు. వారి గొంతు పాటకే కాదు, ఇంటిల్లిపాది జీవనానికి ఆధారం. డిసెంబరు వస్తే రాత్రివేళ మంచులో ఇంటింటికి వెళ్లి కేరల్స్ పాడతారు. తీరా క్రిస్మస్ ఉదయాన గుడిలో పాడబోతే గొంతు పెగలదు. ఇది భక్తి లోపం కాదు, విశ్రాంతి లోపం.

కాబట్టి బృంద నాయకులకు మా మనవి. వారానికి ఒక దినమైనా పాట పూర్తిగా మానండి. అభ్యాసంలో అరగంటకొకసారి అయిదు నిమిషాలు ఆగి నీరు త్రాగనివ్వండి. ఆ విరామంలో పెదవి కదపకుండ సాహిత్యం చదువుకొనవచ్చును, సోల్ఫా మనసులో వల్లించుకొనవచ్చును, చేతితో తాళం చూచుకొనవచ్చును. నేర్చిన రాగం నిద్రలో మనసున కుదురుకొంటుంది గనుక పండుగ ముందు రాత్రి అందరినీ పెందలకడ ఇంటికి పంపండి. గొంతు మారుతున్న బాలురచేత పైస్వరాలు బలవంతంగా పాడించవద్దు. జలుబు చేసినవారిని కూర్చుండి విననివ్వండి. గొంతు నొక్కిపట్టి గుసగుసలాడడం విశ్రాంతి కాదు, అదీ శ్రమయే. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలెను.

ఒక సోదరి “ఈ రోజు గొంతు బాగులేదండి, పాడలేను” అన్నప్పుడు ముఖం చిట్లించకండి. ఆమె రేపటి పాటను కాపాడుకొంటున్నది. కీర్తనలో సైతం చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకొనే తావున్నది. ఆ తావును మన వారంలోను ఉంచుదము. ఉత్సవం ముగిసిన మరుసటి ఆదివారం కూడ ఇవే గొంతులు గుడిలో వినబడవలెనని మా కోరిక.